నిమ్మగడ్డి వేశాక మూత పెట్టండి

మీలో నిమ్మగడ్డి టీ తాగేవాళ్ళు చాలామందే ఉంటారు. ఒక్క మాట అడుగుతాను. నీళ్ళు, పాలు, టీ పొడి, గడ్డి అన్నీ ఒకేసారి గిన్నెలో పడేసి, మూత లేకుండా తెగ మరిగిస్తారా? అలా చేస్తే ఇల్లంతా ఘుమఘుమలాడుతుంది, నిజమే. కానీ కప్పు నోటికి తగిలేసరికి పచ్చిగడ్డి రుచి తప్ప ఏమీ మిగలదు. వాసన ఇల్లంతా తిరుగుతోందంటే కప్పులో లేదనే కదండీ!

ఆ పరిమళమంతా ఆకులో దాగిన నూనెది. నీటి ఆవిరి తగిలితే చాలు, దాని వెంట లేచిపోతుంది. నూనె తీసే బట్టీ నడిచేది సరిగ్గా ఈ గుణం మీదే. కోసిన గడ్డిని పెద్ద డ్రమ్ములో తొక్కి కూరి, అడుగునుంచి ఆవిరి పంపుతారు. నూనెను మోసుకొచ్చిన ఆ ఆవిరిని చన్నీళ్ళలో మునిగిన గొట్టం గుండా పంపి చల్లబరుస్తారు. నీళ్ళు కిందికి దిగుతాయి, లేత పసుపు నూనె పైన తేలుతుంది. 100 కిలోల పచ్చిగడ్డి వేస్తే దక్కేది 300 నుంచి 500 గ్రాములు. బట్టీవాళ్ళు అంత పాటుపడి పట్టుకునేదాన్ని మనం వంటింటి కిటికీలోంచి వదిలేస్తున్నాం!

అందుకే ముందు నీళ్ళు మరగనివ్వండి. పొయ్యి ఆపాక, కత్తెరతో తరిగిన ఆకుల్ని కాస్త నలిపి వేసి, మూత పెట్టి ఐదు నిమిషాలు వదిలేయండి. పాలు కావాలంటే వేరే కాచి కలుపుకోండి. తేడా మొదటి గుక్కలోనే తెలుస్తుంది.

ఆ నూనెలో ముప్పావు వంతు దాకా సిట్రాల్ అనే పదార్థం. నిమ్మతొక్కలో ఉండేదీ అదే. సిట్రాల్ నుంచి వయొలెట్ పువ్వు వాసనిచ్చే అయొనోన్‌ను 1893లో జర్మన్ రసాయన శాస్త్రజ్ఞులు తయారుచేశారు. విటమిన్ ఎ తయారీకి కూడా అదే దారి అయింది. కేరళ కొండల గడ్డి నూనె కొచ్చి రేవు నుంచి విదేశాలకు పోయేది, అందుకే దానికి కొచ్చిన్ నూనె అని పేరు. 1951లో ఎర్నాకుళం జిల్లా ఓడక్కాలిలో నిమ్మగడ్డి కోసమే ఒక పరిశోధన కేంద్రం పెట్టారు. అక్కడి నుంచి వచ్చిన సుగంధి రకాన్ని రైతులు ఇప్పటికీ నాటుతున్నారు. లక్నోలోని సీమాప్ సంస్థ తన రకాల్లో ఒకదానికి కృష్ణ అని, ఇంకోదానికి కావేరి అని పేర్లు పెట్టింది. మన హైదరాబాదు శివార్లలో బోడుప్పల్ దగ్గర కూడా ఆ సంస్థకు పరిశోధన కేంద్రం ఉంది. ఇవన్నీ నూనె రకాలు. వంటకు వాడే లావు కాడల గడ్డి వేరే జాతి, అది పూత పూయడం చాలా అరుదు.

ఈ కుటుంబంలో దాయాదులు ఇంకా ఉన్నారు. దోమల గడ్డి అని నర్సరీల్లో అమ్మే సిట్రొనెల్లా చూడ్డానికి ఇలాగే ఉంటుంది. మొదలు చూడండి: ఎర్రగా ఉంటే సిట్రొనెల్లా, అది టీలోకి పనికిరాదు. తెల్లగా, లేతాకుపచ్చగా ఉంటే మన నిమ్మగడ్డి. ఇంకొకటి పామరోజా, గులాబీ వాసన దానిది. ఒకప్పుడు మధ్య భారతపు అడవుల్లో తీసిన ఈ నూనె బొంబాయి నుంచి తుర్కీకి చేరి, అక్కడ ఖరీదైన గులాబీ అత్తరులో కల్తీ అయ్యేది. తేనెటీగల సంగతి మరీ ముచ్చట. దారి చూపడానికి అవి విడిచే వాసనలో సిట్రాల్, జెరానియాల్ ఉంటాయి. అందుకే గుంపును రప్పించాలనుకునే పెంపకందార్లు ఖాళీ పెట్టెలో ఒక చుక్క నిమ్మగడ్డి నూనె రాస్తారు.

పెంచడానికి విత్తనం వెతకొద్దు, తెలిసినవాళ్ళ దుబ్బు నుంచి పిలక అడగండి. ఆకుల్ని జానెడు ఎత్తుకు కత్తిరించి, తొలకరి పడ్డాక నాటండి. కుండీ అయితే వెడల్పైనది, అడుగున నీరు పోయే కంతలున్నది తీసుకోండి. నీరు నిలిస్తే మొదలు కుళ్ళుతుంది, నీడలో పెడితే ఆకు సాగి వాసన తగ్గుతుంది. నాలుగైదు నెలలకు దుబ్బు కడుతుంది. కోసేటప్పుడు నేలకు 10 సెంటీమీటర్లు వదిలి కోయండి, అక్కడినుంచే మళ్ళీ చిగురిస్తుంది. ఆకు అంచు పదునైనది, పిల్లల చేతులు జాగ్రత్త. పశువులు దీని జోలికి పెద్దగా రావు, కాబట్టి కంచె లేని గట్టు మీద కూడా బతుకుతుంది. రెండు మూడేళ్ళకోసారి దుబ్బు విడదీసి నాటకపోతే నడుమ ఎండుతుంది.

కొన్న నూనె సీసాను మాత్రం వంటింట్లోకి తేకండి. అది నేరుగా ఒంటికి రాస్తేనే మంట పెడుతుంది, కడుపులోకి అసలు వద్దు.

ఆకు టీకైతే, కాడ వంటకు. థాయ్‌లాండ్ వాళ్ళు టామ్ యమ్ పులుసులో ఆకు జోలికి పోరు, కాడను దంచి వేస్తారు. మనం మిరియాల చారు దించేముందు ఒక కాడను రోకలితో నలగ్గొట్టి వేసి, వడ్డించేటప్పుడు తీసేయొచ్చు. గట్టి పొరలన్నీ ఒలిస్తే లోపల లేత తెల్లటి మువ్వ ఉంటుంది. దాన్ని సన్నటి చక్రాలుగా తరిగి పచ్చి కొబ్బరి, పచ్చిమిర్చితో కలిపి నూరండి, నిమ్మరసం వేయకుండా. ఇడ్లీలోకి చాలా బావుంటుంది.