అలంపురంలో శ్రుతి

కర్నూలు నుంచి తుంగభద్ర వంతెన దాటితే అలంపురం ముప్పై కిలోమీటర్లయినా ఉండదు. అయినా పక్కనున్న క్షేత్రానికి వెళ్ళే తీరిక మనకెప్పుడూ చిక్కదు గదా! మొన్న నవరాత్రులలో మా అమ్మాయికి అక్కడొక వేదిక మీద భక్తిగీతాలు పాడే అవకాశం వచ్చింది. ఆ పుణ్యాన మాకూ జోగులాంబ దర్శనం లభించింది.

దర్శనం బాగానే జరిగింది. పాటే రక్తి కట్టలేదు. లౌడుస్పీకర్లు హోరెత్తుతుంటే, వెనుక డోలక్, పక్కన కీబోర్డ్. "నా గొంతు నాకే వినబడలేదు, నాన్నగారూ!" అంది వేదిక దిగుతూనే. వినబడక గొంతు పెంచింది; పెంచినకొద్దీ శ్రుతి జారింది. పై వారం మరో కచేరీ ఉంది. "ఇక నేను పాడను" అని పిల్ల కంట తడి పెడితే, మా ఆవిడ నా వంక చూసింది. తెలుగు ఎమ్మే ఇందుకేం చేయగలడు?

మర్నాడు ఉదయం నవబ్రహ్మాలయాలు చూడబోయాము. బాదామి చాళుక్యులు ఏడు, ఎనిమిది శతాబ్దాలలో కట్టించిన గుడులివి. బాలబ్రహ్మ, గరుడబ్రహ్మ, విశ్వబ్రహ్మ అని పేర్లే గాని, అన్నీ శివాలయాలే! ఈ మాట చెబుతుంటే వెంట వచ్చిన కీబోర్డ్ కుర్రవాడు నవ్వాడు.

"చెవి మానిటర్లూ అంతేనండి. అంగడిలో పెట్టె మీద ఆ పేరు ఉన్నవన్నీ వేదికకు పనికిరావు."

నది ఒడ్డున కూర్చుని విషయం వివరించాడు. మిక్సర్ దగ్గరున్న మనిషి గాయని గొంతును, శ్రుతిని, తాళాన్ని ఆమెకు కావలసిన పాళ్ళలో కలిపి నేరుగా చెవికి పంపుతాడు. అందుకోవడానికి ఈ చిన్న సాధనం. మనం రోజూ వాడే బ్లూటూత్‌వి ఇందుకు కొరగావు. వాటిలో శబ్దం క్షణకాలం వెనుకబడి వస్తుంది. పాటకు ఆ క్షణమే ప్రాణాంతకం. నిలబడి పాడేవారికి తీగ ఉన్నది చాలు. అటూ ఇటూ తిరిగేవారికి నడుముకు కట్టుకునే రేడియో పెట్టె కావాలి. లోపల ఎన్ని స్పీకర్లు ఉన్నాయన్న లెక్క చూసి మురిసిపోనక్కరలేదు.

"మరి ఏది చూసి కొనాలి?" అన్నాను.

"చెవికి అమరడం చూసి."

తన మానిటర్లకు కొత్త తొడుగులు తగిలించి, ఫోన్‌లో తంబూర పెట్టి, అమ్మాయి చేతికిచ్చాడు. నోరు మూసుకున్నంతసేపు చక్కగానే ఉంది. నోరు తెరిచి పాడేసరికి చెవి దారి కదిలి, సందు పడి, మంద్రం పలచబడిపోయింది. ఒక సైజు పెద్ద తొడుగు వేస్తే కుదిరింది. గాయకులు పాడుతూనే పరీక్షించుకోవాలన్నమాట! ఏదీ కుదరకపోతే చెవి అచ్చు తీసి చేయించుకోవచ్చు. ఖర్చు మాత్రం ఎక్కువ.

"గొంతు తలలో గుయ్యిమంటోంది" అంది అమ్మాయి. నాలుగు రోజులు సాధన చేస్తే అలవాటవుతుందట. ఒక చెవిది తీసేయకూడదనీ, తీస్తే రెండో చెవిలో ధ్వని పెంచుతామనీ హెచ్చరించాడు. బయటి హోరును ఆపి, లోపలి ధ్వని తగ్గించుకోవడానికే గదా ఇదంతా! 85 డెసిబెల్స్ దగ్గర రోజుకు 8 గంటలు హద్దనుకుంటే, ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ గడువు సగమవుతుంది. 100 దగ్గర పావుగంటే మిగులుతుంది.

బస్సులో వినడానికి కూడా అదే చాలుతుందా అని మా ఆవిడ పొదుపు ప్రశ్న వేసింది. కూర్చుని వినడానికి భేషుగ్గా చాలుతుంది. రోడ్డు మీద నడిచేవారికి మాత్రం ప్రమాదం. వేదిక మీద మూసుకోవలసిన చెవిని వీధిలో తెరిచి ఉంచాలి, లారీ హారన్ వినబడాలి గదా!

పై వారం కచేరీలో పిల్ల గొంతు చించుకోలేదు, శ్రుతి జారలేదు. ఇంటికొచ్చాక, "నాన్నగారూ, ఈ రోజు నా పాట నేను విన్నాను" అంది. మళ్ళీ నవరాత్రులకు అలంపురం వెళదామని అడిగిందీ తనే.