భీమిలిలో సొంత ఇల్లు... సముద్రం పక్కనే!

'మరోచరిత్ర' చూసినవాళ్ళు భీమిలి వెళితే ముందుగా చేసే పని ఒకటుంది. బస్సు దిగీ దిగగానే సముద్రం వైపు తిరిగి, "ఆ సీను ఎక్కడ తీశారో!" అని వెతుక్కోవడం! 1978లో బాలచందర్‌గారు కమల్ హాసన్‌నీ, సరితనీ పెట్టి విశాఖలోనూ ఇక్కడా తీసిన ఆ నలుపు తెలుపు చిత్రం వచ్చేనాటికి నేనింకా పుట్టలేదు. అయినా టీవీలో ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. అంచేత నేనూ వెతికాను. అంతటితో తిరుగు బస్సెక్కి ఉంటే గొడవే లేకపోను. నేనక్కడ ఇల్లు కొనాలనుకున్నాను!

విశాఖ నుంచి భీమిలి దాకా ఆ బీచి రోడ్డు మీద వెళ్ళినవాళ్ళు నన్ను తప్పు పట్టరు. కుడి పక్కన సముద్రం, ఎడమ పక్కన కొండలు, దారిలో తొట్లకొండ బౌద్ధారామం, ఎన్నో పాటల్లో మీరు చూసిన ఎర్రమట్టి దిబ్బలు. చివర్లో గోస్తని నది సముద్రంలో కలిసేచోట భీమిలి. డచ్చివాళ్ళు పదిహేడో శతాబ్దంలో వచ్చి వ్యాపారం చేసుకున్న రేవు. వాళ్ళ సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరు, ఇప్పుడు విశాఖ కార్పొరేషన్‌లో కలిసిపోయింది. కలిసినా ఊరి నడక మారలేదు. మధ్యాహ్నం పూట వీధిలో కోడిపిల్ల కూడా తొందరపడదు.

ముందు అద్దెకు దిగాను. గుమ్మంలోంచి అలలు కనిపించే రెండు గదుల ఇల్లు. మొదటి నెల నా అంత అదృష్టవంతుడు లేడనుకున్నాను. రెండో నెల కిటికీ ఊచలకు తుప్పు. నాలుగో నెల ఫ్యాను గొణగడం మొదలెట్టింది. ఆరో నెల ఫ్రిజ్ వెనక రేకు చేత్తో ముట్టుకుంటే పొరలు పొరలుగా రాలింది. ఉప్పుగాలి పని! అది ఇనుము కనపడితే ఊరుకోదు. స్లాబులోని ఊచల్ని కూడా వదలదు. లోపల ఊచ తుప్పు పట్టి ఉబ్బితే పైన సిమెంటు పగిలి ఊడిపోతుంది. ఎదురింట్లో పనిచేస్తున్న తాపీమేస్త్రి నాకు చెప్పిన మాట: "రంగు సూడొద్దు బాబూ, ఇసక ఎక్కడిదో అడుగు. సముద్రపిసకతో కట్టిన ఇల్లు పదేళ్ళకే ముసిలిదైపోతాది." పక్కింటి మామ్మగారైతే 2014 అక్టోబరు 12 గురించి తప్ప మాట్లాడరు. హుద్‌హుద్ వచ్చిన రోజు. ఆవిడ పెరటి రేకులు మూడు వీధుల అవతల దొరికాయిట!

ఇన్ని విన్నా నాకు బుద్ధి రాలేదు. సినిమా పిచ్చి అలాంటిది.

2022లో ఓ మధ్యవర్తి గోస్తని దాటించి ఉత్తరం వైపు తీసుకెళ్ళాడు. సరుగుడు తోటలు, ఖాళీ ఇసక, ఎదురుగా సముద్రం. ఔట్‌డోర్ యూనిట్ దిగడమే తరువాయి! 200 గజాల స్థలం. "రిజిస్ట్రేషన్‌కి ఏ ఇబ్బందీ లేదు సార్, లింకు డాక్యుమెంట్లు క్లియర్" అన్నాడు. ఈసీ తీయించాను, నిజంగానే క్లియర్. యాభై వేలు అడ్వాన్సు ఇచ్చేశాను.

ఆ డబ్బు నాది కాదు. మా అమ్మ ఊళ్ళో అరెకరం అమ్మి, "ఇదైపోతే ఇంక లేదురా" అని నా చేతిలో పెట్టింది. నాలాంటి విలేకరికి జీతం చీటీ ఉండదు. బ్యాంకుకి వెళితే మూడేళ్ళ ఇన్‌కంటాక్సు కాగితాలడిగి, అవి చూసి జాలిపడి పంపించారు.

కాపాడింది ఓ వల బాగుచేసుకుంటున్న పెద్దాయన. మధ్యవర్తి అల దగ్గర్నుంచి అడుగులు లెక్కపెడుతున్నాడు. "చూడండి సార్, రెండొందల మీటర్లు దాటిపోయాం" అంటున్నాడు. ఎందుకీ లెక్క అని నేనింకా అడగలేదు. పెద్దాయన తలెత్తి, "ఏటి బాబూ, పోటు లేనప్పుడు కొలుస్తున్నారు? పున్నానికి నీరు ఇక్కడికొస్తాది" అని తన వెనక పడవ కట్టిన తాడిచెట్టు చూపించాడు.

మర్నాడు ప్లానింగ్ ఆఫీసుకి వెళ్ళాను. అక్కడ తెలిసింది అసలు కథ. సముద్రతీరానికి సీఆర్‌జెడ్ అని కేంద్రం నిబంధనలున్నాయి, 1991 నుంచీ. 2011లో ఒకసారి, 2019లో ఒకసారి మార్చారు. జనం పలచగా ఉన్న పల్లె తీరంలో పోటు గీత నుంచి 200 మీటర్ల లోపల కొత్త ఇల్లు కట్టనివ్వరు. ఆ గీత మనం చూసే అల కాదు. నీళ్ళు ఎంతదాకా పొంగుతాయో చూసి మ్యాపులో గీసిన గీత. అక్కడి నుంచి కొలిస్తే నా స్థలం నిషేధంలోకి నిక్షేపంగా వచ్చేసింది! మరి రిజిస్ట్రేషన్? అవుతుంది. స్థలం చేతులు మారినట్టు రాసే ఆఫీసు వేరు, ఇల్లు కట్టుకోమని అనుమతిచ్చే ఆఫీసు వేరు. మధ్యవర్తి అబద్ధమాడలేదు, సగం నిజం చెప్పాడు. ఈసీలో కూడా తాకట్టులూ అమ్మకాలూ ఉంటాయిగానీ సముద్రం సంగతి ఉండదు.

అడ్వాన్సులో సగం తిరిగొచ్చింది. మిగతా సగం కోసం ఆర్నెల్లు ఫోన్లు చేశాను. తర్వాత మానేశాను. ఆ సంగతి అమ్మకి ఇంతవరకూ చెప్పలేదు. (ఆవిడ సినిమా పత్రికలు చదవదు కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను.)

చివరికి కొన్నది భీమిలి ఊళ్ళోనే, సముద్రానికి కిలోమీటరు లోపలికి. నూట ఇరవై గజాల్లో పాత స్లాబు ఇల్లు. కొనేముందు మ్యాపు చూపించుకున్నాను. అమ్మేవాళ్ళ ప్లాను కాగితం ఆఫీసులో సరిచూసుకున్నాను. ఎండాకాలంలో బావినీళ్ళు రుచి చూశాను. మేస్త్రి వచ్చి సుత్తితో స్లాబు తట్టి, "పరవాలేదు" అన్నాడు. కిటికీలకి ఇనుము తీయించి అల్యూమినియం పెట్టించాను.

హైదరాబాదు నుంచి వచ్చిన స్నేహితుడు ఇల్లంతా తిరిగి, "సముద్రం ఏదిరా?" అన్నాడు. మేడ మీదికి తీసుకెళ్ళాను. రెండు కొబ్బరిచెట్లకీ, పక్కింటి వాళ్ళ నీళ్ళ ట్యాంకుకీ మధ్య జానెడు నీలం కనిపిస్తుంది. "ఇంతేనా?" అన్నాడు. రాత్రి దాకా ఉండమన్నాను. పదింటికి వీధి సద్దుమణిగాక ఆ హోరు వినిపించింది. వాడు మాట్లాడకుండా కూచున్నాడు.

కింద వంటింట్లోంచి అమ్మ కేకేసింది, "ఒరేయ్, ఈ ఊళ్ళో ఉప్పు డబ్బా మూత తీస్తే నీళ్ళు కారుతున్నాయేంట్రా!"