గ్రౌండ్ల మనం నిలబడితేనే ఆడపిల్లలు ఆడుతరు

ఈసారి పత్తి రేటు గురించో, యూరియా గురించో కాదు, మన ఆడపిల్లల ఆట గురించి రాస్తున్న. జర పొడుగు పోస్టే, ఓపికతోటి చదవండి.

మన జిల్లా పర్వతగిరి మండలం కల్లెడ అంటే తెల్వనోళ్ళు లేరు. జీవాంజి దీప్తిది ఆ ఊరే. 2024 మే నెలల జపాన్‌లోని కోబెలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్‌లో 400 మీటర్లు 55.07 సెకన్లల్ల ఉరికి, ప్రపంచ రికార్డుతో బంగారు పతకం కొట్టింది. అదే ఏడు సెప్టెంబర్‌లో పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. అంతకు ముందు 2008లనే అదే ఊరి బిడ్డ వర్ధినేని ప్రణీత విలువిద్యల బీజింగ్ ఒలింపిక్స్‌కు పోయింది. ఒక్క ఊరి నుంచి ఇద్దరు ఆడపిల్లలు!

దీప్తి అమ్మానాన్నలు కూలి చేసుకొని బతికినోళ్ళు, కోచ్‌లు కాదు. బడిల పీఈటీ సారు ఆమె పరుగు గుర్తుపట్టిండు, హైదరాబాద్‌ల నాగపురి రమేష్ సారు తీర్చిదిద్దిండు. మరి అమ్మానాన్నలు చేసిందేంది? బిడ్డను చూసి జనం ఎక్కిరిస్తుంటే ఆమెను ఇంట్ల దాచిపెట్టలే. ఉరకనిచ్చిన్రు, ఊరు దాటి పంపిన్రు.

ఇంకో దిక్కు భద్రాచలం బిడ్డ గొంగడి త్రిష. వాళ్ళ నాన్న రామిరెడ్డి హాకీ ఆడినాయన. బిడ్డకు చిన్నప్పటి నుంచే తనే బ్యాటు పట్టడం నేర్పిండు. ఆ పిల్ల 2025 అండర్-19 మహిళల టీ20 ప్రపంచకప్‌ల స్కాట్లాండ్ మీద 110 పరుగులు కొట్టి నాటౌట్‌గ నిలిచింది. ఆ కప్పు చరిత్రలనే అది మొదటి సెంచరీ. మొత్తం 309 పరుగులతోటి టోర్నీల ఉత్తమ క్రీడాకారిణి అయింది.

ఒక తండ్రికి ఆట తెలుసు. ఇంకో ఇంట్ల ఆట తెల్వకున్నా బిడ్డ వెనకాల నిలబడ్డరు. రెండూ పనికొచ్చినయ్. నేను చెప్పేది ఇదే: ఆట తెలిసినోళ్ళు నేర్పాలె, తెల్వనోళ్ళు గ్రౌండ్ల నిలబడాలె. రెండూ కోచింగే.

ఇగ మా ఊరి సంగతి. నా బిడ్డ తొమ్మిదో తరగతి, కబడ్డీ ఆడుతది. నిరుడు ఎండాకాలం సెలవులకు ముందు పద్నాలుగు మంది పిల్లలు ఆడేటోళ్ళు. బడి తెరిచినంక చూస్తే ఆరుగురే మిగిలిన్రు. కబడ్డీకి బరిల ఏడుగురు ఉండాలె, అంటే జట్టే లేదు. ఎందుకట్ల అయింది? ఆట మీద మోజు తగ్గి కాదు. ప్రాక్టీసు అయ్యేసరికి చీకటి పడుతది, గ్రౌండ్ నుంచి ఊర్లెకు తొవ్వల లైట్లు లేవు. పత్తి ఏరే రోజులల్ల కూలికి మనిషి కావాలె. నెలసరి వస్తే చెప్పుకోవడానికి అక్కడ ఆడమనిషి ఉండదు. మండలానికో, హన్మకొండకో పోటీలకు పోవాలంటే ‘ఎవరి ఎంబడి పంపాలె’ అని ఇంట్ల అడుగుతరు. పీఈటీ సారు మంచోడే గని ఒక్కడే. బడి మొత్తం ఆయన మీదనే ఉన్నది.

అందుకని ఐదు ఇండ్లోళ్ళం కూసొని వంతులు వేసుకున్నం. నాటు కూలీలకు వంతులు వేసుకుంటం కదా, అట్లనే. రోజుకు ఇద్దరు, అందుల ఒకరు తప్పకుండ తల్లి ఉండాలె. ఒక్క మగాయన ఒంటరిగ పిల్లల దగ్గర ఉండొద్దని ముందే అనుకున్నం. పిల్లల వీడియోలు ఫోన్లల్ల పెట్టొద్దని కూడ అనుకున్నం. ఈ రెండు కట్టుబాట్లు విన్నంకనే చానా మంది తల్లులు సరే అన్నరు.

కోర్టు మేమే చేసినం. ఆడపిల్లల కోర్టు 12 మీటర్ల పొడుగు, 8 మీటర్ల వెడల్పు. ట్రాక్టర్‌తోటి పైపైన దున్ని, రాళ్ళు ఏరి, ఎర్రమట్టి పోసి నీళ్ళు చల్లినం. గీతలు గీసుడు తల్లుల పనే. ముగ్గుపిండి తోటి వాళ్ళు గీసినంత సక్కగ మేం గీయలేకపోయినం.

అసలు లాభం మేం అనుకోని దిక్కు నుంచి వచ్చింది. వంతుకు వచ్చిన ఒక అక్క పదో తరగతి దాకా కబడ్డీ ఆడిందట. పెండ్లయినంక ఆ మాటే ఎత్తలే. ఒకనాడు కొంగు బొడ్ల దోపుకొని, కూతకు పోయిన పిల్ల కాలు ఎట్ల పట్టాలె, పట్టుకున్నంక మిగతా వాళ్ళు ఎట్ల చుట్టుముట్టాలె చేసి చూపెట్టింది. ఊర్లెనే కోచ్ ఉన్నది, ఇరవై ఏండ్ల నుంచి మనమే అడగలే.

ఒక పిల్ల తండ్రి మాత్రం ‘మోకాలు ఇరిగితే రేపు సంబంధం ఎట్ల’ అని హన్మకొండ పోటీలకు పంపనన్నడు. ఆయనను మేం మగోళ్ళం ఒప్పియ్యలేకపోయినం. ఈ అక్కనే వాళ్ళింటికి పోయి, ‘నేను ఎంబడి పోత, నా బిడ్డ పక్కన పండవెట్టుకుంట, పొద్దుగాల్ల నీ ఇంట్ల అప్పజెప్త’ అన్నది. పిల్ల పోయింది. జట్టు రెండో ఆటల ఓడిపోయింది. అయినా ఆ తండ్రి ఇప్పుడు వంతుకు వస్తుండు. పదోది అయినంక ఆ పిల్ల చదువు ఆపేస్తరేమోనన్న భయం మాకు ఇంకా ఉన్నది. గని ఆ మాట ఎత్తినప్పుడు అడ్డం చెప్పేటోళ్ళు ఇప్పుడు నలుగురున్నరు.

వంతులకు వద్దామనుకునేటోళ్ళకు నాలుగు మాటలు. ఆట మధ్యల బయట నుంచి అరవకండి, పిల్ల ఆగమైతది. పీఈటీ సారు చెప్పినదానికి ఎదురు చెప్పకండి. ఆటకు ముందు పది నిమిషాలు మెల్లగ ఉరికిచ్చి, ఒళ్ళు సాగదీపియ్యండి, మోకాళ్ళకు అదే రక్ష. ఓడినప్పుడు తిట్టకండి.

తిండి సంగతి కూడ. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క ప్రకారం తెలంగాణల 15 నుంచి 49 ఏండ్ల ఆడోళ్ళల్ల నూటికి 57 మందికి పైనే రక్తహీనత ఉన్నది. ఖాళీ కడుపుతోటి కూతకు పోతే కండ్లు తిరగక ఏమైతది? మేం వంతుకు వచ్చేటప్పుడు పల్లీలు, బెల్లం తెస్తున్నం. మనం పండిచ్చేదే, పైసలు పెట్టే పని లేదు.

ఆఖరుకు రైతులుగ ఒక్క మాట. వడ్లు, మక్కలు ఆరబోయడానికి మనకు కల్లాలు సాలవు, నిజమే. అందుకే బడి గ్రౌండ్ మీద పోస్తున్నం. స్కూలు పోటీలు వచ్చేది కూడ చానా వరకు ఆ దినాలల్లనే. మొత్తం ఖాళీ చెయ్యమని అంటలేను. కబడ్డీ కోర్టంత జాగ, ఇంకో నాలుగడుగులు చుట్టూత, ఇడిసిపెట్టండి. దానికి అయ్యే నష్టం రెండు పరదాల వడ్లు అటు జరుపుకునుడే.

మీ ఊర్లె ఆడపిల్లలు ఎంతమంది ఆడుతున్నరు, ఎవరు నేర్పుతున్నరు, కింద రాయండి. వంతులు ఎట్ల వేసుకోవాలో కావాలంటే అడుగుండ్రి, మా కాగితం పంపుత.