ఎడారి గండిలో నీళ్ల లెక్క

కొండ ఎక్కువాడు ఉదయమున కష్టపడి, సాయంకాలమున సుఖముగా దిగి వచ్చును. గండిలో నడచువానికి ఇది తలక్రిందుగా నుండును. బలము నిండుగా ఉన్నప్పుడు దిగవలెను. కాళ్లు అలసి, మూటలోని ఆహారము తరిగిన తరువాత ఎక్కవలెను. గనుక దిగునప్పుడు ఎవరికిని భయము కలుగదు. భయపడవలసిన వేళ భయము రాకపోవుటయే అచ్చటి అపాయము.

ప్రియ చదువరులారా, అమెరికా దేశములోని అరిజోనా రాష్ట్రములో గ్రాండ్ కాన్యన్ అను మహా గండి కలదు. కడప జిల్లాలో పెన్నానది కోసిన గండికోటను చూచినవారు దానిని తలంచుకొని ఇది చదువవచ్చును. అయితే ఇది కొలరాడో నది కోసిన గండి. నది వెంబడి దీని పొడవు 446 కిలోమీటర్లు. లోతు 1,800 మీటర్ల వరకు ఉండును. 1919లో అచ్చటి ప్రభుత్వము దీనిని జాతీయ ఉద్యానవనముగా ఏర్పరచెను. చూడవచ్చువారిలో ఎక్కువమంది గట్టు మీద నిలిచి, ఫొటోలు తీసికొని మరలిపోవుదురు.

నా మేనల్లుడు ఫీనిక్స్ పట్టణములో ఉద్యోగము చేయుచున్నాడు. 2018 ఏప్రిల్ నెలలో నేను వాని యొద్దకు వెళ్లినప్పుడు, "మామయ్యా, గట్టుమీద నుంచి చూస్తే పటం చూసినట్టే. నాలుగు రోజులు లోపల నడుద్దాం రండి" అనెను. అప్పటికి నాకు 58 సంవత్సరములు. చిన్ననాటి నుండి పొలము గట్ల మీద నడచిన కాళ్లు గనుక సరే అంటిని.

మేము హెర్మిట్ అను బాట వెంట దిగి, టాంటో బాట మీద తూర్పుగా నడచి, బ్రైట్ ఏంజెల్ అను బాట వెంట పైకి రావలెనని నిర్ణయించుకొంటిమి. మొత్తము 40 కిలోమీటర్లకు కొంచెము పైన. గట్టుకును నదికిని నడుమ, ఇంటి ముందరి అరుగువలె విశాలమైన రాతి మెట్ట ఒకటి సాగుచుండును. టాంటో బాట ఆ అరుగు మీదనే సుమారు 150 కిలోమీటర్లు పోవును. మేము నడచినది అందులో ఒక చిన్న భాగము. చెట్టు నీడ లేదు. మోకాలెత్తు తుప్పలే. ప్రక్క నుండి వచ్చు ప్రతి చిన్న గండియు అరుగును లోపలికి కోసియుండును గనుక, కేక వేసిన వినబడునంత దగ్గరగా కనబడు చోటికి చేరుటకు గంటసేపు చుట్టి పోవలెను. అక్కడ కంటితో దూరము కొలుచువాడు మోసపోవును.

రాత్రి ఏ చోట పండుకొనవలెనో ముందుగానే వ్రాసి అనుమతి పత్రము పొందవలెను. నిప్పు రాజేయకూడదు. చెత్త అంతయు, చిన్న కాగితపు ముక్కతో సహా, తిరిగి పైకి మోసికొని రావలెను. బొంత కాకులు సంచి తాళ్లు విప్పగలవు. ఎలుకల సంగతి చెప్పనక్కరలేదు.

వీటన్నిటికంటె గొప్ప సంగతి నీళ్లు. ఒక లీటరు నీళ్లు ఒక కిలో బరువు. ఆ పొడిగాలిలో మనుష్యునికి దినమునకు 4 లీటర్లయినను కావలెను. చెమట పట్టినట్టే తెలియదు, పట్టుచుండగనే ఆరిపోవును. నీళ్లు మోయవలెనంటే మరియొకటి విడువవలెను. నా మేనల్లుడు బయలుదేరక ముందు నా సంచిలోని వస్తువులన్నియు నేల మీద పరచి, రెండు చొక్కాలు, దుప్పటి, పెద్ద అక్షరముల బైబిలు తీసివేసి, చిన్న క్రొత్త నిబంధనను మాత్రము ఉండనిచ్చెను. నేను మాటాడలేదు. నీళ్ల సీసాలు పెట్టిన తరువాత ఆ సంచి ఎత్తి చూచినప్పుడు వాడు చేసినది న్యాయమే అని తోచెను.

నీళ్లు మాత్రము త్రాగుటయు మేలు కాదు. ఉప్పు తినక నీళ్లే అతిగా త్రాగినవారికి రక్తములో ఉప్పు పలుచబడి, తల తిరిగి, మతి తప్పి ప్రాణము మీదికి వచ్చును. మండుటెండలో కోతకు పోవు మన కూలివారు ఉప్పు వేసిన మజ్జిగ త్రాగుట ఊరక కాదు. మా చెల్లెలు కుమారుని కొరకు నాతో పంపిన చల్లమిరపకాయలు ఆ నాలుగు దినములు మాకు ఔషధముగా పనిచేసినవి.

మొదటి రాత్రి హెర్మిట్ వాగు యొద్దను, రెండవ రాత్రి మాన్యుమెంట్ వాగు యొద్దను పండుకొంటిమి. అవి ఏడాది పొడుగున పారు వాగులు. మూడవ దినము 17 కిలోమీటర్లు నడువవలెను. దారిలో నమ్మదగిన నీళ్లు లేవు. తెల్లవారక ముందే లేచి సీసాలన్నియు నింపుకొని బయలుదేరితిమి.

సుమారు 13 కిలోమీటర్లు నడచి, మధ్యాహ్నమునకు హార్న్ అను వాగు చేరితిమి. నీళ్లు సన్నగా, అద్దమువలె తేటగా పారుచుండెను. ఆ వాగుకు సరిగా పైన, గట్టు మీద, ఆర్ఫన్ అను పాత గని కలదు. 1956 నుండి 1969 వరకు అందులో యురేనియము త్రవ్విరి. గని మూతబడెను గాని వాగు నీటిలో యురేనియము ఉన్నది. దాహముతో చచ్చుట తప్ప వేరు గతి లేనివాడు తప్ప మరెవరును ఈ నీళ్లు త్రాగకూడదని ఉద్యానవన అధికారుల హెచ్చరిక. మారా నీళ్లు చేదుగా నుండెను గనుక ఇశ్రాయేలీయులు నోట పెట్టగానే తెలిసికొనిరి. ఇవి చేదు నీళ్లు కావు.

ఆ వాగు ప్రక్కన 30 ఏండ్ల యువకుడొకడు ఒంటరిగా కూర్చుండి, సీసా నింపి, వడపోత గొట్టము అమర్చుచుండెను. అతడు మాకు ఎదురు దిక్కుగా పోవుచున్నాడు. పటములో వాగు కనబడినది గనుక బరువు తగ్గించుకొనుటకై ఒకే లీటరు తెచ్చుకొనెను. అందులో గ్రుక్కెడు మిగిలెను. ఆ రాత్రికి అతని అనుమతి మేము ఉదయము విడిచిన మాన్యుమెంట్ వాగుకే.

"ఆ నీళ్లు తాగకండి" అని నా మేనల్లుడు అతనితో చెప్పెను. "ఆ గొట్టం సూక్ష్మక్రిములను పడుతుంది, యురేనియాన్ని పట్టదు. కాచినా పోదు."

ఆ యువకుడు వాగును, మమ్మును మార్చి మార్చి చూచెను. అతనికి నమ్మిక కలుగలేదు. నీళ్లంత తేటగా ఉన్నప్పుడు నేనైనను నమ్ముట కష్టమే.

మా యొద్ద ఇద్దరికిని రెండున్నర లీటర్లు మిగిలియుండెను. ముందున్న తోట 4 కిలోమీటర్లు. ఆ ఎండలో నా నడకకు రెండు గంటలు. మేనల్లుడు తెలుగులో నాతో, "మామయ్యా, లీటరు ఇస్తే మనకు లీటరున్నర ఉంటుంది, చాలు. కానీ ఆ లీటరుతో ఇతను 13 కిలోమీటర్లు ముందుకు పోతే, మనమే ఎండలోకి తోసినట్టు" అనెను.

ఇచ్చుదానికి షరతు పెట్టుట నాకు నచ్చదు. దాహముగొన్నవానితో బేరమేమిటి? అయినను వాడు చెప్పినదానిలో అబద్ధము లేదు. వాడు నా జవాబు కొరకు ఆగలేదు. ముందు అతని సీసాలోని నీళ్లు పారబోయించి, మా నీళ్లు లీటరు పోసెను. అతడు సగము త్రాగిన తరువాతనే, "మాతో తోటకు వెనక్కి రండి" అనెను.

అతనికి కోపము వచ్చెను. ఈ అనుమతి కొరకు నెలలు కాచుకొంటిననెను. మేము వాదింపలేదు. రాతి చరియ నీడలో అతని ప్రక్కనే కూర్చుంటిమి. నేను చల్లమిరపకాయ ఒకటి ఇచ్చితిని. పాపము, కన్నీళ్లు వచ్చునట్లు దగ్గెను, గాని రెండవది అడిగెను. కూర్చున్న ప్రతి నిమిషమును మా నీళ్లలోనిదే. మేనల్లుడు సీసా వైపు ఒకసారి చూచి, మూత మరింత బిగించి, మరల చూడలేదు. మూడు గంటలు దాటి ఎండ వాలిన తరువాత ఆ యువకుడు లేచి, సంచి తగిలించుకొని, మాట లేకుండ తూర్పు తట్టు తిరిగి మా ముందర నడువసాగెను.

మేము చేరిన చోట హావసుపాయి జనులు పూర్వము సేద్యము చేసికొని బ్రదికిరి. వారిలో కడపటి నివాసిని 1928లో అచ్చట నుండి బలవంతముగా వెళ్లగొట్టిరి. మేము వెళ్లినప్పుడు ఆ చోటికి వేరు పేరుండెను. 2022లో హావసుపాయి తోటలు అని పేరు మార్చిరి. అక్కడ పెద్ద చెట్లు కలవు. వాటి ఆకులు రావి ఆకులవలె గలగలలాడుచుండును. కుళాయి కూడ కలదు. మా సీసాలో అప్పటికి అడుగున రెండు అంగుళముల నీళ్లు మిగిలెను.

ఆ సాయంకాలము యువకుడు అచ్చటి అధికారి యొద్దకు పోయి చాలసేపు మాటలాడి వచ్చెను. మరుసటి తెల్లవారుజామున, పైకి 7 కిలోమీటర్ల ఎక్కుడు కొరకు మేము సంచులు కట్టుచుండగా, అతడు దీపము తలకు కట్టుకొని కుళాయి యొద్ద వంగియుండెను. నేను లెక్కపెట్టితిని. నాలుగు సీసాలు నింపి, ఐదవ దానికి మూత తీయుచుండెను.