ఇనాండా బడిలో హాజరు పట్టీ

డర్బన్‌కు ఉత్తరాన, సముద్రాన్ని వెనక్కి వదిలి గుట్టలెక్కితే ఇనాండా వస్తుంది. దానికి ముందు ఫీనిక్స్. వర్ణవివక్ష కాలంలో భారతీయులు మాత్రమే ఉండాలని కట్టిన పేట అది. ఫీనిక్స్ దాటాక జులూల ఇళ్లు గుట్టల వాలు పొడుగునా మొదలవుతాయి. ఇటుక గోడల ఇల్లొకటి, దాని పక్కనే రేకుల గది ఒకటి. రోడ్డు వారన ఫోన్ రీచార్జి అమ్మే చిన్న కొట్లు, ఆగి ఆగి మనుషుల్ని ఎక్కించుకునే తెల్ల మినీబస్సు టాక్సీలు.

నన్ను తీసుకెళ్లినాయన డర్బన్‌లోనే చాట్స్‌వర్త్‌లో ఉంటారు, బడిపంతులుగా చేసి రిటైరయ్యారు. 1860 నవంబరులో మద్రాసు నుంచి 'ట్రూరో' ఓడ కూలీలను తెచ్చి డర్బన్‌లో దించింది మొదలు, ఏళ్ల తరబడి చెరకు తోటలకు వచ్చిన వాళ్లలో మన ఉత్తరాంధ్ర వాళ్లు చాలామంది. ఆయన ముత్తాత కూడా అలా వచ్చినవాడే. 1931లో ఇక్కడ ఆంధ్ర మహాసభ పెట్టుకున్న తరం గురించి ఆయన దారి పొడుగునా చెబుతూనే ఉన్నారు. బీచి చూపిస్తానన్నారు గానీ ముందు బడి చూడాలన్నాను. జిల్లా పరిషత్ హైస్కూళ్లలో పనిచేసిన మనిషికి ఏ దేశం వెళ్లినా కళ్లు అటే పోతాయి.

అది 2023. దక్షిణాఫ్రికాలో లోడ్ షెడ్డింగ్ ఎప్పుడూ లేనంతగా ఉన్న ఏడాది. మూడు వందలకు పైగా రోజులు కరెంటు కోతలే. ఏ పేటకు ఏ గంటలో పోతుందో చెప్పే 'ఎస్కామ్ సే పుష్' అనే యాప్ అందరి ఫోన్లలోనూ ఉండేది. కరెంటు పోయిన కాసేపటికి సెల్ టవర్ల బ్యాటరీలూ అయిపోయేవి. చాలాచోట్ల ఆ బ్యాటరీలను దొంగలే ఎత్తుకుపోయారు. అంటే దీపాలతో పాటు ఇంటర్నెట్టూ పోయేదన్నమాట. డిజిటల్ చదువుల గురించి ఈ దేశంలో అప్పుడు ఎవరు మాట్లాడినా ముందు ఈ మాట చెప్పుకోవలసి వచ్చేది.

బడికి ఇనుప గేటు, గోడ మీద ముళ్ల తీగ, గేటు దగ్గర ఒక కాపలాదారు. ఇక్కడి బడులను బడి ఉన్న ఊరి ఆదాయాన్ని, పరిస్థితిని బట్టి అయిదు తరగతులుగా విభజించారు. కింది మూడింటిలో ఫీజు లేదు. ఇది అలాంటి బడి. ఉదయం అసెంబ్లీలో పిల్లలు పాడుతుంటే ఎవరూ తాళం వేయలేదు, ఎవరూ శ్రుతి ఇవ్వలేదు. నాలుగు గొంతుల శ్రుతులు వాటంతట అవే కుదిరాయి. ప్రిన్సిపాల్ గారు యాభై దాటిన జులూ మహిళ. పిల్లలు, టీచర్లు, వంట చేసే ఆడవాళ్లు, అందరూ ఆమెను 'మామ్' అనే పిలుస్తారు. నేనూ అలాగే పిలిచాను.

కంప్యూటర్ల గదికి రెండు ఇనుప తలుపులు. లోపల తెల్ల టేబుళ్లు, పాతబడిన యంత్రాలు, ఒక మూల చార్జింగ్ బండిలో ట్యాబులు. "ఈ గది చూడ్డానికే అందరూ వస్తారు. నా పని ఇక్కడ జరగదు, రండి" అని ఆమె నన్ను గుమస్తా గదిలోకి తీసుకెళ్లారు. అక్కడున్నది ఒక్కటే కంప్యూటరు, అందులో 'సా-సామ్స్'. ప్రభుత్వం బడులకు ఉచితంగా ఇచ్చిన పరిపాలన సాఫ్ట్‌వేర్ అది. పిల్లల హాజరు, మార్కులు, టీచర్ల సెలవులు అన్నీ అందులోకి ఎక్కాలి. మూడు నెలలకోసారి ఆ డేటాబేసు జిల్లా ఆఫీసుకు చేరాలి. దేశంలోని ప్రభుత్వ బడులు ఎక్కువ భాగం దీనితోనే నడుస్తున్నాయి. చూడ్డానికి పాతకాలపు తెర, రంగూ రూపూ లేవు. పత్రికల్లో దీని ఫొటో ఎవరూ వేయరు.

మామ్ చేసే పని చిన్నది. లెక్క జిల్లాకు పోయేదాకా ఆగకుండా ప్రతి వారం గైర్హాజరు జాబితా అచ్చు తీయిస్తారు. తరగతి వారీగా కాక పిల్లలుండే వాడల వారీగా పేర్లు మళ్లీ రాయిస్తారు. 2022 ఏప్రిల్‌లో డర్బన్ ఉన్న ఈ రాష్ట్రాన్ని ముంచెత్తిన వరదల్లో నాలుగు వందల మందికి పైగా చనిపోయారు, ఆరు వందల పైచిలుకు బడులు దెబ్బతిన్నాయి. ఆ తర్వాత నెలల్లో ఈ బడిలో గైర్హాజరు పెరిగింది. పిల్లలకు శ్రద్ధ తగ్గిందని టీచర్లు అనుకున్నారు. వాడల వారీగా రాసి చూస్తే రాని వాళ్లలో ఎక్కువమంది వాగు అవతలి వాడ వాళ్లు. అందరూ రానిది వాన కురిసిన రోజుల్లోనే. వరదకు కాలిబాట వంతెన కొట్టుకుపోయింది. పెద్దపిల్లలు వాగులో దిగి వచ్చేస్తున్నారు, చిన్నవాళ్లను తల్లులు ఆపేస్తున్నారు.

ఆ కాగితం పట్టుకుని ఆవిడ బడి పాలకమండలికి వెళ్లారు, వార్డు కౌన్సిలరు దగ్గరకు వెళ్లారు. వంతెన వచ్చేదాకా తల్లిదండ్రులు నెలనెలా తలా కాస్త వేసుకుని టాక్సీ మాట్లాడారు. మనం చీటీలు కట్టుకున్నట్టు ఇక్కడి వాళ్లు 'స్టోక్‌వెల్' కట్టుకుంటారు. చావుకీ పండక్కీ అదే ఆధారం. టాక్సీ డబ్బులు కూడా అదే పద్ధతిలో పోగయ్యాయి.

నేను ఆ జాబితా చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. మన దగ్గర లెక్కలకేం తక్కువ? 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిదో తరగతి పిల్లలకు లక్షల్లో ట్యాబులు పంచారు. మధ్యాహ్న భోజనం ఫొటోలు, మరుగుదొడ్ల ఫొటోలు టీచర్లే ఫోన్లో ఎక్కించారు. ఎక్కించి పైకి పంపాం. అమరావతిలో ఎవరి తెర మీదో రంగులు మారి ఉంటాయి. బడికి తిరిగొచ్చి 'మీ పిల్లలు ఫలానా వాడ నుంచి రావడం లేదు, ఎందుకు?' అని అడిగిన లెక్క నా అనుభవంలో ఒక్కటీ లేదు. ఈ దేశంలోనూ చాలా బడుల్లో అంతేనని మామ్ చెప్పారు. గడువు తేదీన గుమస్తా పంపేస్తాడు, ప్రిన్సిపాల్ సంతకం పెడతాడు. జిల్లా అధికారి ఎప్పుడో డ్యాష్‌బోర్డు తెరిచి, మీ బడి ఎర్రగా ఉందంటాడు.

పెద్ద పథకాల కథ ఈ దేశంలో చాలా పాతది. 2004 నాటి శ్వేతపత్రం 2013 కల్లా ప్రతి విద్యార్థికీ కంప్యూటర్ వాడకం వచ్చి తీరాలంది. అంతకుముందే, 2001లో, జొహానెస్‌బర్గ్ ఉన్న గౌటెంగ్ రాష్ట్రం ప్రతి బడికీ ఇరవై అయిదు కంప్యూటర్ల గది ఇస్తానంది. 2015 జనవరిలో అదే రాష్ట్రం, విద్యామంత్రి పన్యాజా లెసూఫీ హయాంలో, ఏడు బడుల్లో కాగితం లేని తరగతులు ప్రారంభించింది. అదే ఏడాది బడుల్లో దొంగలు పడి ట్యాబులు ఎత్తుకుపోతుంటే, పంచిన వాటిని కొంతకాలం వెనక్కి తీసుకోవలసి వచ్చింది. ఆ మంత్రి ఉద్దేశాన్ని నేను తప్పుపట్టను. పేదపిల్ల చేతికి మంచి వస్తువు రావాలనుకోవడం మంచి మాటే. కాని ఆ వస్తువుకు జవాబుదారు ఎవరన్న ప్రశ్న బడి లోపల ఎవరూ వేసుకోలేదు.

ప్రిన్సిపాల్ కుర్చీ ఎలా నిండుతుందన్నది దీనికన్నా లోతైన విషయం. 2016లో ప్రొఫెసర్ జాన్ వోల్మింక్ నాయకత్వంలోని కమిటీ, బడుల్లో టీచర్ల పోస్టులు, ప్రిన్సిపాల్ పోస్టులు డబ్బుకు అమ్ముడవుతున్నాయని నివేదిక ఇచ్చింది. కుర్చీ కొనుక్కున్న మనిషికి వాగు అవతలి వాడ ఎందుకు పడుతుంది? మంచి ప్రిన్సిపాల్ లేని బడికి ఎన్ని యంత్రాలిచ్చినా పెట్టెల్లోనే ఉంటాయని ఈ ప్రయాణంలో నాకు గట్టిగా అనిపించింది. అలాంటి పెట్టెలున్న బడి కూడా చూశాను. తాళం ఎవరి దగ్గరుందో అక్కడ ఎవరికీ తెలియదు. సముద్రం ఒడ్డున ఫీజులు కట్టే వాళ్ల బడి ఒకటి చూశాను. జనరేటరు, పిల్లకో ట్యాబు, అన్నీ సాఫీగా నడుస్తున్నాయి. అక్కడ నేర్చుకోవలసింది తక్కువే.

సాయంత్రం ఆ రిటైరైన పంతులు గారు నన్ను ఓహ్లాంగే తీసుకెళ్లారు. జాన్ దుబే కట్టిన బడి అది. అమెరికా వెళ్లి బుకర్ వాషింగ్టన్ టస్కెగీ సంస్థను చూసి వచ్చి, చదువుతో పాటు చేతిపనీ నేర్పే బడి పెట్టినవాడు. 1903లో జులూలో 'ఇలాంగ' పత్రిక మొదలుపెట్టాడు, 1912లో ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ మొదటి అధ్యక్షుడయ్యాడు. 1994లో మండేలా తన జీవితంలో మొదటి ఓటు ఈ బడిలోనే వేశారు. దుబే సమాధి ఆ పక్కనే.

అక్కడి నుంచి కాస్త దూరంలో గాంధీ గారి ఫీనిక్స్ ఆశ్రమం. 1985 అల్లర్లలో తగలబడిన దాన్ని తర్వాత మళ్లీ కట్టారు. 'ఇండియన్ ఒపీనియన్' మొదలైందీ 1903లోనే. 1904లో ఆ ప్రెస్సును డర్బన్ నుంచి ఈ పొలాల్లోకి మార్చారు. ఇక్కడ తొలి సంచిక అచ్చయ్యే రాత్రి ఆయిల్ ఇంజను మొరాయించిందని గాంధీ తన ఆత్మకథలో రాశారు. ముందుచూపుతో చేతితో తిప్పే చక్రం కూడా పెట్టించి ఉంచారు. ప్రెస్సు వాళ్లూ, అక్కడే నిద్రపోతున్న వడ్రంగులూ కలిసి తెల్లవార్లూ తిప్పారు. పత్రిక వేళకు బయటికొచ్చింది. యంత్రం ఆగితే కాలితో తొక్కే మిషను మీదైనా అచ్చు వేయగలగాలని పత్రిక సైజునే తగ్గించారు. యంత్రాన్ని కాదనలేదు, దాని దయ మీదా బతకలేదు. మామ్ గదిలో కంప్యూటరు పక్కనే చేతిరాత హాజరు పట్టీలు ఎందుకున్నాయో నాకు అక్కడ నిలబడినప్పుడు బోధపడింది. కరెంటు లేని రోజు పిల్లల పేర్లు వాటిలోకి ఎక్కుతాయి, వచ్చాక తెర మీదికి పోతాయి. ఏ వారమూ జాబితా తప్పదు.

మామ్ బడి పాలకమండలి సమావేశంలో నన్ను అతిథిగా కూర్చోనిచ్చారు. 1996 నాటి పాఠశాలల చట్టం ప్రకారం ఈ మండలిలో ఓటున్న సభ్యుల్లో తల్లిదండ్రులదే మెజారిటీ. హైస్కూల్లో విద్యార్థి ప్రతినిధులు కూడా ఉంటారు. ఆదివారం చర్చి నుంచి నేరుగా వచ్చిన తల్లులు, టాక్సీ నడిపే ఒకాయన, ఇద్దరు టీచర్లు, పదకొండో తరగతి చదివే ఒక అమ్మాయి. మాటలు జులూలో నడిచాయి, నా పక్కనున్న టీచరు మెల్లగా ఇంగ్లీషులో చెబుతూ వచ్చింది.

ఆ అమ్మాయి లేచి కంప్యూటర్ల గది సాయంత్రాలు తెరవాలంది. పన్నెండో తరగతి వాళ్ల మెట్రిక్ పరీక్షలు దగ్గరపడ్డాయి, పాత ప్రశ్నపత్రాలు దించుకోవడానికి ఇంట్లో డేటా కొనలేకపోతున్నాం అంది. యంత్రాలు పోతే ఎవరు కడతారని టాక్సీ ఆయన అడిగాడు. 2021 జూలై అల్లర్లలో ఈ రాష్ట్రంలో వందకు పైగా బడులు దోపిడీకి గురయ్యాయి. ఆయన భయం ఉత్తిది కాదు. ఒక తల్లి, చీకటి పడ్డాక ఆడపిల్లలు ఇంటికెలా వస్తారని అడిగింది. మామ్ చాలాసేపు ఏమీ అనలేదు. అందరూ అయ్యాక, తాళం తన దగ్గర మాత్రం ఉండకూడదని ఒక్క మాట చెప్పారు. తాను రాని రోజు గది మూతపడకూడదని ఆమె ఉద్దేశం.

గంటకు పైగా వాదించుకుని ఒక ఒప్పందానికి వచ్చారు. బడి వదిలాక రెండు గంటలు, మంగళ గురువారాలు, ఆ రోజు కోత లేకపోతేనే. వాగు అవతలి టాక్సీయే ఆ రెండు రోజులూ ఆలస్యంగా బయల్దేరుతుంది. కాపలాదారుకు అదనపు డబ్బు చందాల్లోంచి. బయటి తలుపు తాళం కాపలాదారు దగ్గర, లోపలి తలుపుది గణితం టీచరు దగ్గర, ట్యాబుల బండిది ఆ పదకొండో తరగతి అమ్మాయి దగ్గర. ఎవరు ఏది తీసుకున్నా పుస్తకంలో సంతకం. కార్యదర్శి తీర్మానాన్ని అక్కడికక్కడే ఫోన్లో టైపు చేసి తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో జులూలో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి పెట్టింది. తర్వాతి అంశం వంటగది పైకప్పు కారడం. దాని మీద చర్చ మొదలైంది.