పదహారూ ఎనభై ఒకటీ కలిసే చోటు

విజయవాడలో ఉండే మాకు దివిసీమ కొత్త ప్రదేశం కాదు. అక్కడ బంధువులున్నారు. పెళ్ళిళ్ళకూ పరామర్శలకూ ఎన్నోసార్లు వెళ్ళివచ్చాం. అయితే గడచిన నవంబరులో చేసిన ప్రయాణం వాటివంటిది కాదు. ఈసారి ఏ ఇంటికీ వెళ్ళే పని లేదు. పటం మీద రెండు గీతలు కలిసే చోటును వెదుక్కుంటూ వెళ్ళాం.

దీనికి కారకుడు ఇంజనీరింగు చదివే మా మేనల్లుడు. సబ్బుపెట్టె అంత జి.పి.ఎస్. యంత్రం ఒకటి సంపాదించాడు. “మావయ్యా, 16 డిగ్రీల ఉత్తర అక్షాంశమూ 81 డిగ్రీల తూర్పు రేఖాంశమూ మన దివిసీమలోనే కలుస్తున్నాయి, కోడూరు దగ్గర. చూసొద్దామా?” అన్నాడు. ఇలా పూర్తి అంకెల గీతలు కలిసే చోట్లకు వెళ్ళి ఫొటోలు తీసే అలవాటు అమెరికాలో 1996లో మొదలై అనేక దేశాలకు పాకిందట. చిన్నప్పుడు బడిలో గ్లోబు మీద వేలు పెట్టి చూసిన గీతలను కాళ్ళతో నడిచి చూడటమంటే నాకూ సరదా పుట్టింది.

పండిట్ నెహ్రూ బస్‌స్టేషనులో యంత్రం ఆన్ చేశాడు. ప్లాట్‌ఫారం కప్పు కింద అది ఎంతసేపటికీ పలకలేదు. బయటకు వచ్చి ఆకాశం కనబడేచోట నిలబడ్డాక గాని దారికి రాలేదు. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాలు క్షణక్షణం తమ గడియారపు వేళను పంపుతూ ఉంటాయి. ఆ కబురు చేరడానికి పట్టిన సమయాన్ని బట్టి ఏ ఉపగ్రహం ఎంత దూరంలో ఉందో యంత్రం లెక్కకడుతుంది. కనీసం నాలుగు ఉపగ్రహాలు అందితే మనం ఉన్నచోటూ, ఎత్తూ తేలుతాయి. ఈ ఏర్పాటు అమెరికా సైన్యానిది. 1995లో పూర్తిస్థాయిలో పనికి వచ్చింది. సామాన్యులకు అందే సంకేతంలో కావాలని కొంత తప్పు కలిపి ఇచ్చేవారు. 2000 మే నెలలో ఆ తప్పు కలపడం మానేశారు. అంతకుముందు వంద మీటర్ల దాకా తేడా వచ్చేది, ఇప్పుడు ఆరుబయట పది మీటర్లలోపే. మన దేశం కూడా 2013 నుంచి శ్రీహరికోటలో సొంత ఉపగ్రహాలను ఎక్కించి నావిక్ అనే ఏర్పాటు చేసుకుంది.

అంకెలు నొక్కేటప్పుడు జాగ్రత్త అవసరం. బస్‌స్టేషను ఉన్నది 16 డిగ్రీల 30 నిమిషాల మీద. డిగ్రీకి అరవై నిమిషాలు గనుక దాన్ని దశాంశంలో 16.5 అని నొక్కాలి. పొరపాటున 16.30 అని నొక్కితే మనల్ని 22 కిలోమీటర్లు దక్షిణంగా, కృష్ణ అవతల దుగ్గిరాలకూ తెనాలికీ మధ్య నిలబెడుతుంది! మేము చేరవలసిన చోటు బస్‌స్టేషను నుంచి నేరుగా 70 కిలోమీటర్లని చూపింది.

నేరుగా వెళ్ళడానికి మనం కొంగలం కాదు కదా. బస్సు ఉయ్యూరు, పామర్రు, కూచిపూడి, చల్లపల్లి, మోపిదేవి మీదుగా వెళ్ళి పులిగడ్డ దగ్గర కృష్ణ పాయ దాటింది. మలుపు తిరిగినప్పుడల్లా బాణం గుర్తు పక్కకు తిరిగేది. ఇరువైపులా వరి వెన్ను వంచి బంగారంలా ఉంది. అవనిగడ్డలో దిగి కోడూరు చేరేసరికి పది గంటలయింది.

కోడూరులో టీకొట్టు దగ్గర మా చేతిలోని యంత్రాన్ని చూసి ఒక మత్స్యకార సోదరుడు నవ్వాడు. “ఇది మా బోట్లలో ఎప్పటినుంచో ఉందండీ” అన్నాడు. వల వేసిన చోటు గుర్తుపెట్టుకోవడానికీ, మబ్బుపట్టి తీరం కనబడనప్పుడు ఇల్లు చేరడానికీ అదే ఆధారమట. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ సముద్రపు వేడినీ నీటి రంగునూ ఉపగ్రహాలతో చూసి, చేపలు దొరికే అవకాశమున్న చోట్లను అక్షాంశ రేఖాంశాలతో సహా తెలియజేస్తుంది. ఆ అంకెలు యంత్రంలో పెట్టుకుని వెళతారు. “కాకపోతే మొగ దగ్గర మాత్రం దీన్ని నమ్మమండీ. వరద వచ్చినప్పుడల్లా ఇసుక మేట జరుగుతుంది. నిరుటి గుర్తు చూసుకుని వస్తే పడవ మేట ఎక్కేస్తుంది. అక్కడ కళ్ళే చూడాలి” అన్నాడు.

ఆ మాట విలువ గంటలోనే తెలిసింది. ఆటో దిగి పొలాల మధ్య బాటన నడిచాం. 900 మీటర్లు, 700, 500… అంకె తగ్గుతుంటే మావాడికి ఉత్సాహం పెరుగుతోంది. 410 దగ్గర అడ్డంగా ఒక డ్రెయిను వచ్చింది. గుర్రపుడెక్క నిండా పరుచుకుని, చూడటానికి పచ్చికలాగే ఉంది. బాణం సూటిగా అవతలి గట్టునే చూపుతోంది. వాడు తల ఎత్తకుండా యంత్రాన్నే చూస్తూ అడుగు వేయబోయాడు.

“ఆగరా అబ్బాయ్! అది నేల కాదు!” అని వెనకనుంచి కేక వినిపించింది. పొలంగట్టు మీద ఒక పెద్దాయన. దగ్గరకొచ్చి చేతికర్ర ముంచి చూపించాడు. కర్ర మొత్తం మునిగింది. నాకు ఒళ్ళు జలదరించింది. అవతలికి వెళ్ళాలంటే మూడు కిలోమీటర్లు వెనక్కి వెళ్ళి వంతెన దాటాలి. ఆ తరువాతైనా కోతకొచ్చిన చేలు తొక్కుకుంటూ పోవాలి. “ఆ చేలో ఏముందని బాబూ?” అని అడిగాడు. రెండు గీతలు కలుస్తాయని చెప్పేందుకు మాకు మొహమాటమేసింది.

గట్టు మీద కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాడు. మాటల్లో 1977 ప్రస్తావన వచ్చింది. ఆ ఏడు నవంబరు 19, శనివారం, దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. సుమారు 10,000 మంది చనిపోయారు. “అప్పుడు నాకు ఇరవై ఏళ్ళు. తుమ్మచెట్టు పట్టుకుని తెల్లారేదాకా ఉన్నాను. ముళ్ళు దిగినా వదల్లేదు. మా అమ్మ చెయ్యి మాత్రం జారిపోయింది. తెల్లారి చూస్తే మా ఊరు ఎటుందో నాకే తెలియలేదు. గట్లు లేవు, బాటలు లేవు, ఇళ్ళు లేవు. పుట్టిపెరిగిన నేలమీదే దారి తప్పాను బాబూ” అన్నాడు.

మావాడు యంత్రాన్ని ఒళ్ళో పెట్టుకుని వింటున్నాడు. కాసేపటికి, “తాతా, ఇప్పుడు అలాంటి రాత్రి వస్తే ఎటు వెళతారు?” అని అడిగాడు. ఉప్పెన తరువాత కట్టిన తుపాను షెల్టర్ల సంగతి చెప్పి, “రాత్రిపూట వానలో అయినా వెళ్ళగలను. ఏ గట్టు గట్టిదో, ఎక్కడ కాలు దిగుతుందో నాకు తెలుసు. పిల్లలకే తెలియాలి” అన్నాడు పెద్దాయన.

బయలుదేరేముందు మమ్మల్ని షెల్టరు దాకా నడిపించాడు. ఎదురుగా రెండు మలుపులు, ఒక తూము, ఒక మట్టి గట్టు. ప్రతి మలుపు దగ్గరా మావాడు ఆగి గుర్తు నమోదు చేసుకున్నాడు. పెద్దాయన మనవడికి కూడా సెల్‌ఫోనులో అవే గుర్తులు పెట్టి ఇచ్చి, వాటిని చూస్తూ ఒకసారి పగలు నడిచి రమ్మన్నాడు.

ఈ యంత్రం కొనేవారికి ఒక మాట. సెల్‌ఫోనులోనూ ఇదే పని జరుగుతుంది గాని, చేతి యంత్రం తడికి తట్టుకుంటుంది, పెన్సిల్ సెల్లులు మార్చుకుంటే రోజుల తరబడి నడుస్తుంది. అదనపు సెల్లులు ఉంచుకోండి. బయలుదేరిన చోటును ముందే గుర్తుపెట్టుకోండి. అన్నిటికంటే ముందు ఆ ఊరి మనిషిని ఒక్కమాట అడగండి.

ఆ గీతలు కలిసే చోటును మేము చూడలేదు, 410 మీటర్ల ఇవతలే ఆగిపోయాం. తిరుగు బస్సులో యంత్రం తీసి చూశాను. నమోదైన ఆఖరి గుర్తుకు మావాడు పెట్టిన పేరు “తాతగారి దారి”.