అమ్మ పాటలో గోదారి

"ఈ సెలవులకి ఎక్కడికెళ్దామమ్మా?" అంటే అమ్మ ఠక్కున "పాపికొండలు" అంది. డెబ్భై దాటిన మనిషి, పైగా మోకాళ్ల నొప్పులు! అయినా కాదనలేకపోయాను.

1973లో బాపుగారి 'అందాల రాముడు' వచ్చింది. గోదారి మీద భద్రాచలానికి లాంచీ ప్రయాణమే ఆ సినిమా కథ. మహదేవన్‌గారి ఆ పాటలు రేడియోలో ఎప్పుడొచ్చినా, పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా అమ్మ కదిలేది కాదు. "మనమూ ఒకసారి వెళ్దామండీ" అనేది. "చూద్దాంలే" అనేవారు నాన్నగారు. ఆ "చూద్దాంలే"లోనే ఏళ్లు గడిచాయి, ఆయనా వెళ్లిపోయారు.

గండిపోచమ్మ గుడి దగ్గర లాంచీ ఎక్కాం. వరదల రోజుల్లో లాంచీలు తిరగవు కనుక చలికాలమే మేలు. పైన కొత్త పాటల హోరు. అక్కడి కుర్రాణ్ణి బతిమాలి ఆ పాత పాట పెట్టించాను. సరిగ్గా కొండలు రెండువైపులా దగ్గరకొచ్చి గోదారి సన్నబడే చోట అమ్మ కళ్లు తుడుచుకుంది.

"నాన్నగారి మీద కోపమా?" అన్నాను.

"కోపమెందుకే! టిక్కెట్టు లేకుండా ఎన్నిసార్లు రాలేదూ ఇక్కడికి!" అని నవ్వింది.

గడప దాటే వీల్లేని ఆ రోజుల్లో రేడియో పాటే అమ్మకి లాంచీ అని అప్పుడర్థమైంది నాకు. మీ అమ్మగారికీ అలాంటి పాట ఒకటి ఉండే ఉంటుంది. అడిగి చూడండి. "చూద్దాంలే" అని మాత్రం అనకండి.